పిల్లల్ని అడిగారు, తర్వాత ఏం చేశారు?

అమెరికాలో దాదాపు 13 వేల స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థలు, ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల ఏడాదికోసారైనా పిల్లల ముందు ల్యాప్‌టాప్ పెట్టి ఒక సర్వే నింపమంటారు. స్కూల్లో భయంగా ఉంటుందా? కష్టం చెప్పుకోవడానికి ఇక్కడ నీకంటూ ఒక్క టీచరైనా ఉన్నారా? నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా? గత ఏడాదిలో ఎప్పుడైనా వరసగా రెండు వారాలు, రోజూ చేసే పనులు కూడా మానేసేంత దిగులు పడ్డావా? పదేళ్ల పిల్లల నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల వరకు కూర్చుని, ఆలోచించుకుని వీటికి జవాబులిస్తారు. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పని సంగతులు కూడా అందులో చెబుతారు. ఆ జవాబులు ఏమయ్యాయో మాత్రం చాలామంది పిల్లలకు ఎవరూ చెప్పరు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే సర్వే వస్తుంది. ఈ పద్ధతి మారాలి.

సర్వేలే వద్దనే వాదనతో మేం ఏకీభవించం. అడగకపోతే తెలియని విషయాలు కొన్నుంటాయి. వ్యాధుల నియంత్రణ, నివారణ కేంద్రం (సీడీసీ) 1991 నుంచి రెండేళ్లకోసారి హైస్కూల్ విద్యార్థులను దేశవ్యాప్తంగా ఇలాంటి ప్రశ్నలడుగుతోంది. పైన చెప్పిన దిగులు ప్రశ్నకు 2011లో 28 శాతం మంది అవునన్నారు. 2021 నాటికి అది 42 శాతానికి చేరింది. 2023లో కాస్త తగ్గి 40 శాతం దగ్గర ఆగింది. ఆడపిల్లల్లో అయితే 2023లోనూ సగం మందికి పైగా, 53 శాతం, అవునన్నారు. ప్రాణం తీసుకోవాలని గట్టిగా ఆలోచించామన్నవాళ్లు ఆ ఏడాది 20 శాతం. అంటే పాతికమంది ఉన్న క్లాసులో అయిదుగురు. ఈ అయిదుగురూ మార్కుల జాబితాలో దొరకరు, హాజరు పట్టీలో దొరకరు. వాళ్లలో కొందరు క్లాసులో అందరికన్నా ముందు చెయ్యెత్తేవాళ్లు కూడా కావచ్చు.

స్కూలు వాతావరణానికీ చదువుకూ సంబంధం లేదనుకునేవాళ్లు చికాగో అనుభవం చూడాలి. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990ల నాటి ప్రాథమిక పాఠశాలల సమాచారాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. సమర్థుడైన ప్రిన్సిపల్, ఒకరికొకరు సాయపడే టీచర్లు, స్కూలుతో కలిసి నడిచే కుటుంబాలు, పిల్లలకు భద్రతా ఆదరణా, పట్టుగా సాగే బోధన అనే అయిదింటిని వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. వాటిలో కనీసం మూడింటిలో బలంగా ఉన్న స్కూళ్లు, బలహీనంగా ఉన్నవాటికంటే చదువులో మెరుగుపడే అవకాశం పది రెట్లు ఎక్కువని తేలింది. ఆ అయిదింటినీ కొలవడానికి వాళ్లు వాడిన ప్రధాన సాధనం టీచర్లను, విద్యార్థులను అడిగిన సర్వేలే.

2015లో వచ్చిన ఫెడరల్ విద్యా చట్టం స్కూళ్లను పరీక్షల మార్కులతోనే కాక ఇంకో కొలమానంతో కూడా చూడమని రాష్ట్రాలకు చెప్పింది. ఇల్లినాయి లాంటి కొన్ని రాష్ట్రాలు ఆ కొలమానంగా స్కూలు వాతావరణ సర్వేలను ఎంచుకున్నాయి. కాలిఫోర్నియాలో 2013 నాటి నిధుల చట్టం ప్రకారం ప్రతి డిస్ట్రిక్టూ స్థానికంగా సర్వే జరిపి స్కూల్ బోర్డుకు చెప్పాలి. 2016లో కేంద్ర విద్యాశాఖ ఉచితంగా ఒక సర్వే వేదికనే తయారుచేసి ఇచ్చింది. ఇవన్నీ మంచి ఉద్దేశంతో వచ్చినవే. కానీ ఏ పనైనా పై నుంచి తప్పనిసరి అయ్యాక దాన్ని పూర్తిచేయడమే లక్ష్యమైపోతుంది. ఎంత శాతం పిల్లలు నింపారన్నదే ప్రిన్సిపల్‌కు టెన్షన్. ఆ శాతం దాటితే ఊపిరి పీల్చుకుంటారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నింపిన సర్వే ఫలితాలు వేసవి సెలవుల్లో చేతికొస్తాయి. అప్పటికి ఎనిమిదో తరగతి పిల్లలు హైస్కూలుకు వెళ్లిపోయి ఉంటారు, పన్నెండో తరగతి వాళ్లు కాలేజీ సామాను సర్దుకుంటుంటారు. రంగురంగుల గ్రాఫులున్న రిపోర్టును బోర్డు మీటింగులో ఒకసారి తెరమీద చూపించి వెబ్‌సైట్‌లో పెట్టేస్తారు. జవాబులిచ్చిన పిల్లలు ఆ మీటింగులో ఉండరు.

ఆ ఫలితాలు ముందుగా చేరాల్సింది పిల్లలకే. అదే చదువుల ఏడాదిలో, నింపిన కొద్ది వారాల్లోనే, మీరు చెప్పింది ఇదీ అని క్లాసులో చూపించాలి. వంద పేజీలు అక్కర్లేదు, రెండు మూడు అంశాలు చాలు. ఎందుకిలా అన్నారో వాళ్లనే అడగాలి. ఈ రెండో అడుగు వేయని సర్వే సగంలో ఆగిన పనే. ఎందుకంటే అంకె ఎక్కడ నొప్పి ఉందో చూపిస్తుంది కానీ కారణం చెప్పదు. ఒక మిడిల్ స్కూల్లో మూడోవంతు పిల్లలు భద్రంగా అనిపించడం లేదన్నారనుకోండి. ఆ వార్త వినగానే పెద్దవాళ్లు గేటు దగ్గర కెమెరా పెట్టాలంటారు, గార్డులను పెంచాలంటారు. పిల్లలను కూర్చోబెట్టి అడిగితే వాళ్లు చెప్పే చోట్లు వేరే ఉంటాయి: బాత్రూములు, బస్సు వెనక సీట్లు, బట్టలు మార్చుకునే గది, పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య కారిడార్లు, లంచ్‌లో ఒంటరిగా కూర్చోవాల్సి వచ్చే బల్ల. పెద్దవాళ్ల కన్ను పడని చోట్లు ఇవి. వీటికి మందు చాలాసార్లు ఖర్చులేనిది. బెల్లు కొట్టిన అయిదు నిమిషాలు ఇద్దరు టీచర్లు తమ గది గుమ్మంలో నిలబడితే ఆ కారిడార్ తీరే మారుతుంది. ఆ మార్పు చేశాక, మీరు చెప్పినందుకే ఇది చేశామని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. అప్పుడు వచ్చే ఏడాది సర్వేను వాళ్లు శ్రద్ధగా నింపుతారు. లేదంటే అన్ని ప్రశ్నలకూ ఒకే గడి నొక్కుకుంటూ పోతారు. అలా నొక్కే పిల్లలను తప్పుపట్టలేం.

సగటు అంకెతో సంతృప్తి పడే అలవాటు కూడా పోవాలి. మా స్కూళ్లలో 80 శాతం పిల్లలకు తమను పట్టించుకునే పెద్దవాళ్లున్నారని డిస్ట్రిక్టును నడిపే సూపరింటెండెంట్ చెబితే, మిగతా 20 శాతం ఎవరని అడగాలి. కొత్తగా దేశానికొచ్చినవాళ్లా? ప్రత్యేక అవసరాలున్న పిల్లలా? తొమ్మిదో తరగతిలోకి ఇప్పుడే వచ్చినవాళ్లా? ఇక్కడ ఒక జాగ్రత్త తప్పదు. గుంపు మరీ చిన్నదైతే ఎవరేం చెప్పారో బయటపడిపోతుంది. అందుకే పదిమంది కంటే తక్కువున్న గుంపుల ఫలితాలను విడిగా చూపించకపోవడం చాలాచోట్ల పద్ధతి. అది సరైనదే. వాళ్ల మాట అంకెల్లోకి రాకపోయినా చెవికి చేరాలంటే నేరుగా మాట్లాడడమే దారి.

రహస్యం విషయంలో డిస్ట్రిక్టులు మరింత నిజాయితీగా ఉండాలి. ఎవరు నింపారో ఎవరికీ తెలియని సర్వే ఒక రకం. ఎవరు నింపారో డిస్ట్రిక్టుకు తెలుసు, కానీ బయటపెట్టదు అనేది ఇంకో రకం. రెండింటికీ తేడా చాలా ఉంది. విద్యార్థి ఐడీతో లాగిన్ చేయించి, ఇది ఎవరికీ తెలియదులే అని పిల్లలకు చెప్పడం అబద్ధం. పిల్లలకు కంప్యూటర్ల సంగతి మనకన్నా బాగా తెలుసు. ఒక్కసారి అనుమానం వస్తే ఆ క్లాసులో నిజం రాసేవాళ్లు మిగలరు. పేరు లేని సర్వేలో ఒక పిల్ల చచ్చిపోవాలనిపిస్తోందని నొక్కితే ఆ పిల్ల ఎవరో కనుక్కునే దారి ఉండదు. కాబట్టి ఆ ప్రశ్న ఉన్న పేజీలోనే, సాయం కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయపడే 988 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చని, మెసేజ్ పెట్టొచ్చని రాసి ఉండాలి. ఆ రోజు కౌన్సెలర్ స్కూల్లోనే ఉండాలి. పేరు తెలిసే సర్వే అయితే బాధ్యత ఇంకా పెద్దది. శుక్రవారం మధ్యాహ్నం నింపించి సోమవారం చూద్దామంటే కుదరదు. జవాబులను ఎవరు, ఎన్ని గంటల్లో చూస్తారు, చూశాక ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు అన్నది సర్వేకు ముందే రాసిపెట్టుకోవాలి. రాసిపెట్టుకోలేని డిస్ట్రిక్టు ఆ ప్రశ్నలను పేరుతో అడగకూడదని మా గట్టి అభిప్రాయం.

క్లాసులో సర్వే జరిగే తీరు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. టీచరు బల్లల మధ్య తిరుగుతూ తెరలు చూస్తుంటే ఆ టీచరు గురించిన ప్రశ్నకు ఏ పిల్లవాడు నిజం రాస్తాడు? నచ్చని ప్రశ్న వదిలేయొచ్చని, మధ్యలో ఆపేయొచ్చని మొదట్లోనే చదివి వినిపించాలి. సర్వే అంకెలతో టీచర్లకు ర్యాంకులివ్వడం, ప్రిన్సిపల్ ఉద్యోగాన్ని వాటికి ముడిపెట్టడం అసలే వద్దు. అలా చేసిన మరుసటి ఏడాది అంకెలు పెరుగుతాయి, పిల్లల పరిస్థితి మారదు.

ఇక తల్లిదండ్రుల సంగతి. 1978 నాటి ఫెడరల్ చట్టం, తర్వాతి సవరణలతో కలిపి, ఎనిమిది విషయాలను సున్నితమైనవిగా గుర్తించింది. మానసిక సమస్యలు, కుటుంబ సభ్యుల మీద విమర్శ, మతం, రాజకీయాలు, ఆదాయం లాంటివి అందులో ఉన్నాయి. వీటి గురించి అడిగేటప్పుడు డిస్ట్రిక్టు ముందే తల్లిదండ్రులకు తెలియజేయాలి. ప్రశ్నలు చూపించమని అడిగే హక్కు, మా పిల్లలకు వద్దని చెప్పే హక్కు వాళ్లకుంది. రాష్ట్రాలు దీనిపై తలో దారి పట్టాయి. యూటాలో తల్లిదండ్రులు సంతకం పెడితేనే సర్వే. కాలిఫోర్నియాలో ఏడో తరగతి నుంచి వద్దని చెబితే తప్ప సర్వే ఉంటుంది, అంతకంటే చిన్నవాళ్లకు సంతకం కావాలి. ఫ్లోరిడా 2022లో సీడీసీ సర్వే నుంచే తప్పుకుంది. సంతకం అడిగిన చోట పాల్గొనేవాళ్ల సంఖ్య బాగా పడిపోతుందని, ఇబ్బందుల్లో ఉన్న పిల్లలే ఎక్కువగా తప్పిపోతారని పరిశోధనలు చెబుతున్నాయి. వద్దని చెప్పే హక్కును పూర్తిగా కాపాడుతూనే, పెద్ద పిల్లల విషయంలో కాలిఫోర్నియా దారే మేలని మేం భావిస్తున్నాం. అయితే ఆ నోటీసు ఇరవై కాగితాల మధ్య దాక్కోకూడదు. తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో, ప్రశ్నలు చూసే లింకుతో, విడిగా రావాలి.

ఆ నోటీసు అందుకునేవాళ్లలో తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. వాళ్ల భయాలు మాకు తెలుసు. ఇంటి సంగతులు బయటికి పోతాయేమో, వీసా మీద ఉన్నాం, ఏ ప్రశ్న ఎటు తిరుగుతుందో అనే బెరుకు న్యాయమైనదే. దానికి మందు ప్రశ్నలు తెప్పించుకుని చదవడం. చాలా స్కూలు వాతావరణ సర్వేల్లో కుటుంబం ఊసే ఉండదు. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అన్నది ఇంకో భయం. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో రెండు వేల మందికి పైగా విద్యార్థులతో ఇదే విషయాన్ని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఆ ప్రశ్నలు అడిగిన పిల్లల్లో దిగులు గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకు అడగడం కాస్త ఊరటనిచ్చినట్టు కూడా కనిపించింది. మన ఇళ్లలో మార్కులు, మంచి కాలేజీలో సీటు, నలుగురూ ఏమనుకుంటారో అన్న మాటల మధ్య చాలామంది పిల్లలు నేను బాగాలేను అనే వాక్యం పూర్తిచేయలేరు. ఆ వాక్యం రాసుకునే ఒక చోటు స్కూలు ఇస్తుంటే, చదవకుండానే వద్దని సంతకం చేయకండి. మన పిల్లలు లేని సర్వేలో మన పిల్లల ఇబ్బంది కూడా ఉండదు. బాగా చదువుతారు కాబట్టి బాగానే ఉన్నారని డిస్ట్రిక్టు అనుకుంటుంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఒక్కో స్కూల్ కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులకు మించకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సిఫారసు. 2023-24లో దేశ సగటు 376. స్కూళ్లలో మానసిక ఆరోగ్య సిబ్బందిని పెంచడానికి 2022 చట్టం ద్వారా వంద కోట్ల డాలర్లు కేటాయిస్తే, ఆ గ్రాంట్లను కొనసాగించబోమని 2025 ఏప్రిల్‌లో విద్యాశాఖ ప్రకటించింది. పలు రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. ఇలాంటప్పుడు, సాయం చేయడానికి మనుషులే లేనప్పుడు అడగడం ఎందుకని కొందరు ప్రిన్సిపల్స్ అంటున్నారు. వాళ్ల నిస్సహాయతను మేం తేలిగ్గా తీసుకోం. కానీ కౌన్సెలర్ పోస్టు కోసం వాదించడానికి పిల్లల జవాబులకు మించిన ఆధారం ఇంకేముంది? అడగడం మానేస్తే ఆ ఆధారమూ పోతుంది, కోతలు వేసేవాళ్ల పని సులువవుతుంది.

అందుకే స్కూల్ బోర్డులు బడ్జెట్ మీద ఓటు వేయడానికి ముందే సర్వే ఫలితాలను ఎజెండాలో పెట్టాలి. కనీసం ఇద్దరు విద్యార్థులను పిలిచి మాట్లాడనివ్వాలి. తల్లిదండ్రులకు పంపే నోటీసులో సర్వే తేదీతో పాటు, ఫలితాలను పిల్లలకు చెప్పే తేదీ కూడా ఉండాలి. ఈ ఏడాది మీ ఇంటికొచ్చిన నోటీసులో ఆ రెండో తేదీ లేకపోతే స్కూలుకు ఫోన్ చేసి అడగండి. జవాబు రాకపోతే తర్వాతి బోర్డు మీటింగులో ప్రజలు మాట్లాడే సమయానికి పేరు రాయించుకుని, అక్కడ అడగండి.