బండి నిజమే, అమ్మేవాడే అబద్ధం

కొన్ని వారాలుగా చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ముందు మా ఊరి గ్రూపులో వచ్చింది, తర్వాత పాల సొసైటీ గ్రూపులో, ఆఖరికి పదో తరగతి గ్రూపులోనూ ప్రత్యక్షమైంది. "ఆన్‌లైన్‌లో పాత బండి కొనేవాళ్లకు ఐదు సూత్రాలు. ఇవి పాటిస్తే మోసమే జరగదు" అని మొదలవుతుంది. ఆ ఐదూ ఇవి: అమ్మేవాడు ఆధార్, ఆర్సీ, ఉద్యోగం కార్డు పంపితే నమ్మొచ్చు. బండి నంబరు ఎంపరివాహన్ అనే, బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ యాప్‌లో సరిపోతే బండి నిజం. వెయ్యో రెండు వేలో టోకెన్ పంపడంలో నష్టం లేదు. స్వయంగా పోయి బండి చూసి డబ్బు కడితే మోసానికి తావే లేదు. ఒకవేళ మోసపోయినా మూడు రోజుల్లో బ్యాంకుకు చెబితే డబ్బు మొత్తం తిరిగొస్తుంది.

నేను ఆర్టీవో ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద టేబుల్ వేసుకుని, బండ్ల ట్రాన్స్‌ఫర్ ఫారాలు నింపి బతుకుతున్నా. మోసపోయినవాళ్లు పోలీసుల దగ్గరికి పోకముందే చాలాసార్లు నా దగ్గరికి వస్తారు, ఎందుకంటే వాళ్లకు మోసపోయామని అప్పటికింకా తెలియదు. కాబట్టి ఈ ఐదింటి మీద నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనుకుంటున్నా.

మొదటిది కార్డుల సంగతి. నిరుడు బంగారుపాళ్యం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. "సామీ, ట్రాక్టరు రాత్రికి వస్తాది, కాగితాలు రెడీ చేసిపెట్టు" అన్నాడు. ఫోన్లో అన్నీ ఉన్నాయి: ఆర్సీ ఫోటో, ఆధార్, జవాను గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు కూడా. అమ్మేవాడికి రేణిగుంట ఎయిర్‌పోర్టులో డ్యూటీ అట, కశ్మీరుకు బదిలీ అయిందట, అందుకే ఐదు లక్షలకు తక్కువ పలకని బండిని 2,80,000కు ఇచ్చేస్తున్నాడట. బండి ఆర్మీ పార్సిల్ లారీలో వస్తుందని చెప్పి మొదట 5,100, తర్వాత జీఎస్టీ అని 12,500, ఆ తర్వాత ఏదో డిపాజిట్ అని 9,999 కట్టించుకున్నాడు. ప్రతిసారీ "బండి చేరగానే ఇది వెనక్కి వచ్చేస్తుంది" అన్న మాట మాత్రం మారలేదు. మొత్తం 27,599 రూపాయలు.

ఆర్సీ ఫోటో చూడగానే నాకు అనుమానం వచ్చింది. నంబరు ఏపీ 03తో మొదలైంది, రిజిస్ట్రేషన్ తేదీ చూస్తే 2022. ఏపీ 03 మన పాత చిత్తూరు జిల్లా సిరీస్. 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతటా ఒకటే సిరీస్, ఏపీ 39 వచ్చింది. ఆ దొంగ ఆర్సీ తయారుచేసినవాడికి ఈ సంగతి తెలియదు పాపం. జీఎస్టీ కూడా అంతే. సొంతానికి వాడుకున్న పాత బండిని ఒక మామూలు మనిషి ఇంకో మనిషికి అమ్మితే జీఎస్టీ ఉండదు, అది పాత బండ్ల వ్యాపారం చేసే రిజిస్టర్డ్ డీలర్లకు. ఇక సైన్యం తన లారీల్లో జవాన్ల సొంత ట్రాక్టర్లను కొనేవాడి ఇంటికి చేరవేయదు.

మరి ఆ కార్డులు ఎక్కడివి? కొన్ని కంప్యూటర్లో చేసినవి. కొన్ని అసలైనవే, అంతకుముందు మోసపోయినవాళ్లవి. "ట్రాన్స్‌ఫర్‌కు కావాలి, నీ ఆధార్ పంపన్నా" అని కొనేవాడి దగ్గర తీసుకుంటారు, రేపు ఇంకోడికి దాన్నే తమ కార్డుగా చూపిస్తారు. అడక్కముందే కార్డు పంపేవాణ్ని చూస్తే నాకు ధైర్యం రాదు, అనుమానం వస్తుంది. నిజంగా బండి అమ్ముకునేవాడు తన ఆధార్ తెలియనివాడికి పంపడానికి నసుగుతాడు.

రెండోది, యాప్. ఇది సగం నిజం. ఆ రైతు నంబరు కొట్టి చూసుంటే బతికిపోయేవాడు. నేను కొడితే అది ఒక స్కూటర్ నంబరని వచ్చింది. కానీ తెలివైన దొంగ ఇంకొకరి నిజమైన ప్రకటనలోంచి బండి ఫోటోలు, నంబరు రెండూ ఎత్తుకుంటాడు. అప్పుడు యాప్‌లో మోడలు, రంగు, ఇన్సూరెన్స్ అన్నీ అచ్చంగా సరిపోతాయి, ఎందుకు సరిపోవు? యజమాని పేరును యాప్ సగం అక్షరాలు దాచి చూపిస్తుంది. నంబరు సరిపోతే అలాంటి బండి ఒకటి ఎక్కడో ఉందని తేలుతుంది, అంతే. ఫోన్లో మాట్లాడేవాడికీ ఆ బండికీ సంబంధం ఉందని తేలదు.

టోకెన్ మాట మీద ఎక్కువ రాయను. రెండు వేలు పోతే పోనీ అనుకునేవాళ్లు వంద మంది దొరికితే దొంగకు రెండు లక్షలు. పైగా రెండు వేలు పంపినవాడు దాన్ని పోనివ్వడం ఇష్టంలేక ఇంకో ఐదు వేలు పంపుతాడు. మనమే ఏదైనా అమ్ముతున్నప్పుడు దీనికి తలకిందుల వేషం ఉంది: "అడ్వాన్సు వేస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

నాలుగో సూత్రమే నన్ను ఇదంతా రాయించింది. స్వయంగా పోయి చూస్తే మోసం లేదన్న ధీమాతోనే జనం పెద్ద మొత్తాలు పోగొట్టుకుంటున్నారు.

ఇది జరిగే తీరు చెబుతా. తిరుపతిలో ఒకాయన తన కారును 4,60,000కు ప్రకటనలో పెట్టాడనుకోండి. దొంగ అవే ఫోటోలతో 3,90,000కు ఇంకో ప్రకటన వేస్తాడు. పలమనేరు నుంచి మీరు ఫోన్ చేస్తారు. దొంగ అసలు యజమానికి ఫోన్ చేసి, "బండి నాకు నచ్చింది సార్, మా బామ్మర్ది వచ్చి చూస్తాడు. వాడికి నేను బాకీ ఉన్నా, వాడి ముందు ధర ఎత్తొద్దు" అంటాడు. మీతోనేమో, "ఇంటి దగ్గర మా అన్న ఉంటాడు, మాకు ఆస్తి పంపకాల గొడవ, ఆయనతో డబ్బు మాట మాట్లాడొద్దు" అంటాడు. మీరు పోతారు. బండి ఉంది. ఒరిజినల్ ఆర్సీ ఉంది. చాసిస్ నంబరు అక్షరం అక్షరం సరిపోయింది. నడిపి చూశారు, మెకానిక్ కూడా బాగుందన్నాడు. అక్కడే నిలబడి దొంగ ఖాతాకు డబ్బు పంపారు. తాళంచెవి అడిగితే ఆ పెద్దమనిషి, "డబ్బు నాకు రాలేదే నాయనా" అంటాడు. అప్పటికి దొంగ ఫోన్ స్విచాఫ్. ఇద్దరూ ఒకరినొకరు దొంగ అనుకుంటూ స్టేషన్లో కూర్చోవాల్సిందే.

ఇందులో అబద్ధం ఆడింది ఏదని చూస్తే, బండి ఆడలేదు, ఆర్సీ ఆడలేదు, యజమానీ ఆడలేదు. దొంగ నమ్ముకున్నది ఒక్కటే, మీరిద్దరూ ధర మాట్లాడుకోరని. కాబట్టి ఎవరైనా "వాళ్లతో డబ్బు మాట ఎత్తొద్దు" అన్నారంటే, ముందు ఎత్తాల్సింది ఆ మాటే. బండి పక్కన నిలబడి, "అన్నా, ఎంతకిస్తున్నారు, డబ్బు ఎవరి ఖాతాకు వెయ్యాలి?" అని అడగండి. యూపీఐలో పిన్ కొట్టే ముందు బ్యాంకు ఖాతాలోని పేరు తెర మీద కనిపిస్తుంది. ఆర్సీలో ఉన్న పేరు అదేనా చూడండి. కాకపోతే జేబులో పెట్టేయండి ఫోన్.

ఈ టేబుల్ దగ్గర కూర్చుని నేర్చుకున్న ఇంకో గుర్తు కూడా ఉంది. అసలు యజమానికి బండి అమ్మాక ఒక భయం పట్టుకుంటుంది. పేరు మారకపోతే రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం రికార్డుల్లో పేరున్న యజమాని మీదికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం కూడా అమ్మినవాడు 14 రోజుల్లో, బండి వేరే రాష్ట్రానికి పోతే 45 రోజుల్లో తెలియజేయాలంటుంది. అందుకే నిజంగా అమ్మేవాడు పేరు మార్చే ఫారాల గురించి "ఫారం 29, 30 మీద సంతకాలు ఎప్పుడు? పేరు ఎప్పుడు మారుస్తావు?" అని మనకంటే ముందు అడుగుతాడు. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35 గురించి, వేలూరు, కోలారు లాంటి పక్క రాష్ట్రాల బండయితే అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ గురించి మాట వస్తుంది. దొంగకు ఈ గొడవలేవీ పట్టవు. "అవన్నీ తర్వాత చూసుకుందాం" అంటాడు.

మెసేజ్ అసలు ముట్టుకోనివి మిషన్లు. రోటావేటరు, జనరేటరు, పాలు పితికే మిషన్, వీటికి ఆర్సీ ఉండదు, యాప్‌లో కొట్టడానికి నంబరూ ఉండదు. కొన్నప్పటి బిల్లు, మిషన్ మీద రేకు పలకలోని సీరియల్ నంబరు, ఈ రెండూ కలవాలి. వీడియో కాల్‌లో ఆ పలక చూపించమనండి, ఇంజిన్ ఉంటే చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. ఫోటోల్లో వెనక గోడల మీద రాతలు కూడా చూడండి. పుత్తూరులో ఉందన్న మిషన్ వెనక షాపు బోర్డు హిందీలో ఉంటే అడగాల్సిందే.

ఇక ఐదోది. మూడు రోజుల మాట గాలిలోంచి పుట్టలేదు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. అయితే అది మనకు తెలియకుండా, మన అనుమతి లేకుండా ఖాతాలోంచి పోయిన డబ్బు గురించి. మన వేలితో మనమే పిన్ కొట్టి పంపింది ఆ లెక్కలోకి రాదు. మూడు రోజులుందిలే అని కూర్చోవడం ఇంకా ప్రమాదం. ఆ డబ్బు చాలాసార్లు ఆ పూటే ఖాతా నుంచి ఖాతాకు మారిపోతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అప్పటికి ఏ ఖాతాలో ఎంత మిగిలుంటే అంత ఆపగలుగుతారు. బంగారుపాళ్యం రైతు చేత నా టేబుల్ దగ్గరి నుంచే చేయించా. అప్పటికే ఆరు రోజులయింది.

ఈ మెసేజ్ నాకు పంపినవాళ్లలో మా తమ్ముడూ ఉన్నాడు. ఆదివారం తిరుపతికి కారు చూడటానికి పోతున్నాడట. ఇంటి దగ్గర వాళ్ల మామ ఉంటాడని అమ్మేవాడు చెప్పాడట. ఆర్సీలో పేరున్న మనిషి ఎదురుగా ఉంటానంటేనే బస్సెక్కమన్నా.