ఇండికేటర్ బల్బు మార్చడానికి బంపర్ ఎందుకు దింపాలి?

ముందు ఇండికేటర్ బల్బు పోతే కారున్న మనిషి తన ఇంటి అరుగు ముందే నిలబడి పది నిమిషాల్లో మార్చుకోగలగాలి. అలా మార్చుకునే వీలు లేని కారుకి అసలు అమ్మకానికి అనుమతే ఇవ్వకూడదు. మాట పెద్దదిగానే ఉంది, తెలుసు. వంద రూపాయలు కూడా ఉండని బల్బు గురించి ఇంత రాద్ధాంతం ఎందుకనేవాళ్లు ఒక్క రాత్రి గోదావరి డెల్టా రోడ్ల మీద బండి నడిపి చూస్తే చాలు.

మనవి ఎలాంటి రోడ్లో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పంట బోదె లేదా రొయ్యల చెరువు, మధ్యలో ఒకటిన్నర కారు పట్టే తారు. అమలాపురం నుంచి రాజోలు మీదుగా నరసాపురం వైపు వెళ్లే 216 జాతీయ రహదారి కాస్త బాగుపడింది కానీ, దాని మీంచి ఊళ్లలోకి దిగే దారులు చాలావరకు పాతవే. కుడివైపు వంతెన ఎక్కి గట్టు మీదికి తిరగాలంటే ఎదురొచ్చేవాళ్ల దారిని అడ్డంగా దాటాలి. ఎదురొచ్చేది చాలాసార్లు బైకే, దాని మీద ముగ్గురు. మీరు తిరుగుతున్నారని వాళ్లకి చెప్పేది ముందు ఇండికేటర్ ఒక్కటే. వెనక దీపం ఎంత బాగా వెలిగినా వాళ్లకి కనపడదు. జనవరి తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు ఇక చెప్పేదే లేదు. సంక్రాంతికని హైదరాబాద్ కార్లన్నీ భీమవరం, పాలకొల్లు సందుల్లోకి దిగేది కూడా ఆ రోజుల్లోనే.

చట్టం కూడా ఈ దీపాన్ని చిన్నచూపు చూడలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 121వ సెక్షన్ తిరిగేటప్పుడు సంకేతం ఇవ్వాలంటుంది. 1989 కేంద్ర నిబంధనలు ఆ దీపం అంబర్ రంగులో (పసుపూ నారింజా కలిసినట్టు), నిమిషానికి 60 సార్లకి తగ్గకుండా 120కి మించకుండా మెరవాలంటాయి. అంటే బల్బు పోయిన బండిని రోడ్డెక్కిస్తే తప్పు నడిపేవాడిది. బాగానే ఉంది. బాధ్యత నా నెత్తిన పెట్టినప్పుడు ఆ బల్బు దాకా నా చెయ్యి వెళ్లే దారి కూడా ఉంచాలి కదా.

పాత కార్లలో ఆ దారి ఉండేది. ఇండికేటర్ వేయగానే లోపల టిక్ టిక్ మామూలు కన్నా రెట్టింపు వేగంగా కొట్టుకుంటుందంటే ఆ పక్క ఒక బల్బు పోయిందని అర్థం. దీపాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే ఫ్లాషర్ అనే భాగం తన గుండా పోయే కరెంటుని బట్టి నడుస్తుంది. 12 వోల్టుల మీద 21 వాట్ల బల్బు ఒక్కోటి ఒకటిముప్పావు ఆంపియర్ లాగుతుంది, ఒకటి తగ్గేసరికి ఫ్లాషర్ పరుగందుకుంటుంది. ఇప్పటి బళ్లలో ఆ పని కంప్యూటర్ చేస్తున్నా, డ్రైవర్‌కి తెలియాలనే ఆ పరుగుని అలాగే ఉంచారు. చాలామంది ‘ఇండికేటర్ స్పీడయింది’ అనుకుని నెలల తరబడి అలాగే తిరుగుతుంటారు, అది వేరే సంగతి.

నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మెరిసే హజార్డ్ స్విచ్ వేసి బండి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేస్తే ఏది పోయిందో తేలిపోతుంది. తర్వాత తాళం తీసేసి బోనెట్ ఎత్తితే హెడ్‌లైట్ వెనకాల చిన్న ప్లాస్టిక్ హోల్డరు ఉంటుంది. కొన్ని బళ్లలో బ్యాటరీయో, ఎయిర్ ఫిల్టర్ డబ్బానో అడ్డొస్తుంది. ఇంకొన్నిటిలో స్టీరింగ్ లోపలికి తిప్పి, చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు ఊడదీసి, ఆ సందులోంచి చెయ్యి పెట్టాలి. మోచెయ్యి గీసుకుంటుంది, అంతకు మించి ఏం కాదు. హోల్డరుని ఎడమవైపుకి పావు చుట్టు తిప్పితే బల్బుతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. బల్బుని లోపలికి నొక్కి తిప్పితే అదీ ఊడుతుంది. కొత్తది పెట్టి, వెలుగుతోందో లేదో చూసుకుని, తీసినట్టే మళ్లీ బిగించెయ్యడమే.

ఆ బల్బు అడుగున రెండు చిన్న పిన్నులుంటాయి, ఈసారి చేతికొచ్చినప్పుడు చూడండి. తెల్ల బల్బుకి అవి సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. అంబర్ బల్బుకి ఒకటి కాస్త పక్కకి జరిగి ఉంటుంది. పైన అద్దం తెల్లగా ఉండే లైట్లలో రంగు బల్బు నుంచే రావాలి. అక్కడ తెల్ల బల్బు పెడదామన్నా దిగకుండా చేసిన ఏర్పాటది. ఎవరో ఇంజనీరు, ఎక్కడో కూర్చుని, రాత్రిపూట టార్చిలైటు నోట్లో పెట్టుకుని బల్బు మార్చే మామూలు మనిషిని ఊహించుకున్నాడు. వాడు తడబడతాడని కూడా ఊహించాడు. తడబడినా తప్పు జరగకుండా గీశాడు. ఆ రెండు పిన్నుల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కొన్నవాడి చేతులకీ పని ఉంటుందని కంపెనీలు ఒప్పుకున్న కాలం నాటి గుర్తు అది.

మన తీరంలో ఇంకో మెలిక ఉంది. మలికిపురం, అంతర్వేది, మొగల్తూరు వైపు తిరిగే బళ్లలో బల్బు పోయిందనుకున్నది చాలాసార్లు బల్బే కాదు. ఉప్పుగాలికి హోల్డరులోని రేకుకి పట్టిన పచ్చటి చిలుము. గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్దితే పాత బల్బే భేషుగ్గా వెలుగుతుంది. ఈ సంగతి రోడ్డు పక్క మెకానిక్‌లకి బాగా తెలుసు. పెద్ద సర్వీస్ సెంటర్ బిల్లులో మాత్రం ‘చిలుము గీకినందుకు’ అనే పద్దు నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు కొత్త కారు దగ్గరికి వద్దాం. చాలా మోడళ్లలో ఇండికేటర్, పగటి దీపం, హెడ్‌లైట్ అన్నీ కలిపి ఒకటే సీలు వేసిన యూనిట్. లోపల ఎల్‌ఈడీలు. అందులో ఇండికేటర్ ముక్క ఒక్కటి పోయినా యూనిట్ మొత్తం మార్చాలి. ఖర్చు వేలల్లో, ఖరీదైన మోడళ్లకి పదుల వేలల్లో. ఇంట్లో ఫ్యూజు పోతే గోడ పగలగొట్టాలన్నట్టుంది వరస. మా బావగారి కారుకి కుడివైపు ఇండికేటర్ ఆగిపోతే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లారు. అక్కడి కుర్రాడు, ‘బంపర్ దింపాలండీ, లైటు మొత్తం ఆర్డర్ పెట్టాలండీ, వారం పడుతుందండీ’ అన్నాడట. మరి ఈ లోపు బండి సంగతేంటి అంటే, ‘నడుపుకోవచ్చండీ, కాస్త చూసుకుని తిరగండి’ అని సలహా. అండీలకేం లోటు లేదు. యూనిట్‌కే లోటు.

ఆ కుర్రాడిని అని లాభం లేదు. కిటుకంతా నిబంధనల్లోనే ఉంది. వాహనాల దీపాల గురించి ఐక్యరాజ్యసమితి 48వ నంబరు రెగ్యులేషన్ ఒకటుంది, యూరప్‌లో కార్లు దాని ప్రకారమే తయారవుతాయి. మార్చుకునే బల్బున్న లైటుని, బండితో పాటు ఇచ్చిన పనిముట్లు తప్ప వేరే ప్రత్యేక పనిముట్లు అక్కర్లేకుండా బల్బు మార్చుకునేలా బిగించాలని అది స్పష్టంగా చెబుతుంది. ఎలా మార్చాలో వివరంగా రాసి బండితో పాటు ఇవ్వాలని కూడా చెబుతుంది. ఎంత మంచి రూలో చూడండి. కానీ ఊడదీయడానికి వీల్లేని దీపం పెడితే ఈ రూలు వర్తించదు. బల్బు ఉంటే దారి చూపించాలి, బల్బే లేకపోతే దారీ అక్కర్లేదు. కంపెనీ ఏ వైపు మొగ్గుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఒకప్పుడు బండితో వచ్చే పుస్తకంలో బల్బు మార్చే విధానం బొమ్మలు వేసి మరీ ఉండేది. ఇప్పుడు చాలావాటిలో అదే పేజీలో ఒక్క వాక్యం మిగిలింది, అధీకృత డీలర్‌ని సంప్రదించండి అని.

అవతలి వాదన లేకపోలేదు. ఎల్‌ఈడీ పాత బల్బు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వెలుగుతుంది, కరెంటు తక్కువ తింటుంది, తీగ వేడెక్కేదాకా ఆగకుండా వేసిన క్షణమే వెలుగుతుంది. సీలు వేస్తే వాన నీళ్లు దూరవు. ఇంటి దగ్గర కెలికితే క్లిప్పులు విరుగుతాయి, షాపులో దొరికే చవక ఎల్‌ఈడీ బల్బు తెచ్చి పెట్టి, అది కరెంటు తక్కువ లాగి టిక్ టిక్ పరుగెడుతోందని, ఆ లోటు పూడ్చడానికి రెసిస్టర్ అనే ముక్క తగిలిస్తే అది కాలిపోయేంత వేడెక్కుతుంది. అన్నీ నిజమే. అయితే ఎల్‌ఈడీ పెట్టొద్దని ఎవరన్నారు? ఆ ముక్కని రెండు స్క్రూలతో ఊడొచ్చేలా విడిగా పెట్టమంటున్నాం. ఎక్కువ కాలం వెలుగుతుందంటే ఎప్పటికీ పోదని కాదు. దీపం పోకపోయినా, ఇరుకు వంతెన మీద ఆటో గీరితే పగులుతుంది. వారంటీ దాటాక ఆ బిల్లు ఎవరు కడతారు?

నన్ను నిజంగా మండించేది ఇంకోటుంది. ఉండి, ఆకివీడు, కాళ్ల అనే ఊళ్ల వైపు రొయ్యల చెరువుల దగ్గర ఒక రాత్రి ఉండి చూడండి. కరెంటు పోయిందంటే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట తేలిపోతుంది. అందుకే ఆ రైతు షెడ్డులో బెల్టులు, కెపాసిటర్లు, కాంటాక్టర్లు, బేరింగులు ముందే తెచ్చి ఉంచుకుంటాడు. అర్ధరాత్రి జనరేటర్ మొరాయిస్తే డీజిల్ పైపులో పట్టిన గాలిని చీకట్లోనే తీసి స్టార్ట్ చేస్తాడు. మోటారు వాసన చూసి వైండింగ్ కాలిందో లేదో చెప్పేస్తాడు. అలాంటి మనిషి తన గుమ్మం ముందున్న కారులో ఒక దీపం ఆగిపోతే చేతులు కట్టుకుని సర్వీస్ సెంటర్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడాలా? ఆయనకి చేతకాక కాదు కదా. ఆయన చెయ్యి లోపలికి వెళ్లకుండా కావాలని మూశారు.

ఆ మూత కారు దగ్గరే ఆగుతుందనుకుంటే పొరపాటే. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి ట్రెమ్-4 అనే పొగ ప్రమాణాలు వచ్చాయి. పొగ తగ్గడం మంచిదే, దాన్ని కాదనేవాడెవడూ లేడు. దాంతోపాటు ఇంజన్‌లోకి ఎలక్ట్రానిక్స్ వచ్చాయి, సెన్సర్లు వచ్చాయి, లోపం ఏంటో చెప్పడానికి స్కానర్ కావాల్సి వచ్చింది. ఆ స్కానర్, ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరుంటే బండి వాళ్ల చేతిలో ఉన్నట్టే. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు కోత మిషన్ ఆగిపోయి, పైన మబ్బు పట్టి ఉంటే, కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేదాకా చేను ఆగుతుందా? ఇండికేటర్ దగ్గర నోరు మూసుకున్న ఊరు రేపు ఇంజన్ దగ్గర నోరు తెరవలేదు.

ఢిల్లీకి ఈ గొడవ కొత్త కాదు. 2011లో వచ్చిన ఒక ఫిర్యాదు మీద విచారణ జరిపి, 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయట మార్కెట్లో దొరకనివ్వడం లేదని, రిపేరు సమాచారం, పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకి ఇవ్వడం లేదని, బయట రిపేరు చేయిస్తే వారంటీ పోతుందని బెదిరిస్తున్నారని తేల్చింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి, వ్యవహారం కోర్టుల్లో సాగింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఇంటి వస్తువులతో పాటు వాహనాలనీ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఒక పోర్టల్ తెరిచింది. తర్వాత 2025లో వస్తువుకి రిపేరు మార్కులు వేసే పద్ధతి మీద ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది, అది మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకి. కార్లూ ట్రాక్టర్లూ మళ్లీ వెనక బెంచీలోనే.

ఫోనుకి మార్కులు వేయగలిగినప్పుడు కారుకి వేయడం ఎంతసేపు? ఎయిర్‌బ్యాగులు, గుద్దితే తట్టుకునే బలం చూసి 2023 నుంచి భారత్ ఎన్‌క్యాప్ అనే భద్రతా పరీక్ష కార్లకి చుక్కలు (స్టార్లు) ఇస్తోంది. జనం ఆ చుక్కలు లెక్కపెట్టుకుని కొంటున్నారు కూడా. రిపేరుకి కూడా మూడు షరతులు చాలు. బయటి దీపాలన్నీ మామూలు స్క్రూడ్రైవర్‌తో యజమాని మార్చుకోగలగాలి, ఏ ముక్కకి ఆ ముక్క విడిగా కనీసం పదేళ్లు మార్కెట్లో దొరకాలి, ఊళ్లో మెకానిక్ పెట్టినా వారంటీకి ఢోకా ఉండకూడదు. ఈ మూడూ పాటించని మోడల్‌కి అమ్మకపు అనుమతి ఆపే రోజు వచ్చేదాకా ధరల పట్టీలోనే ఆ మాట రాయించాలి. సీలు వేసిన దీపానికి యూరప్‌లోలాంటి మినహాయింపు మన దగ్గర ఉండకూడదని చెప్పడం ఒక్క నోటిఫికేషన్ పని. మన జిల్లాల నుంచి ఎన్నికైన ఎంపీలు పార్లమెంటులో ఆక్వా కరెంటు రేట్ల గురించి, రొయ్యల ధరల గురించి అడుగుతూనే ఉంటారు కదా, ఈ ప్రశ్న కూడా జతచేస్తే పోయేదేం లేదు.

అదయ్యేదాకా మన చేతిలో బేరం ఒకటి ఉంది. ఈ పండక్కి తణుకులోనో కాకినాడలోనో షోరూముకి వెళ్తే మైలేజీ, సన్‌రూఫ్, ఉచితంగా ఇచ్చే మ్యాట్లు అడిగే ముందు బోనెట్ ఎత్తమనండి. ముందు ఇండికేటర్ ఎలా మార్చాలో అక్కడికక్కడే చూపించమనండి. మార్చలేమంటే యూనిట్ ధర ఎంతో, ఎన్నాళ్లలో వస్తుందో కాగితం మీద రాసివ్వమనండి. సేల్స్ కుర్రాడు మేనేజర్‌ని పిలుస్తాడు, మేనేజర్ సర్వీస్ విభాగానికి ఫోన్ చేస్తాడు. కుర్చీ వేసుకుని కూర్చోండి, తొందరేం లేదు. వెనక వరుసలో నిలబడ్డ ఇంకో నలుగురు కూడా అదే అడిగితే, ఆ నెల అమ్మకాల నివేదికలో ఈ ప్రశ్న పై ఆఫీసు దాకా వెళ్లక తప్పదు.