హరికేన్ కాదులే అనుకుంటే...

హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్లకు ఫోన్ చేసి ‘తుఫానట కదా’ అని అడగండి. ‘హరికేన్ కాదులే, ట్రాపికల్ స్టార్మే’ అంటారు. చిక్కంతా ఆ ‘లే’లోనే ఉంది.

నిజానికి రెండూ ఒకే జాతి. వెచ్చని సముద్రం మీది ఆవిరి పైకి లేచి మేఘంగా మారేటప్పుడు వదిలే వేడే రెండింటికీ ఇంధనం. సుడిలో గాలి గంటకు 63 కిలోమీటర్లు అందుకుంటే ట్రాపికల్ స్టార్మ్ అంటారు, అప్పుడే పేరు పెడతారు. 119కి చేరితే హరికేన్. కాస్త అటూ ఇటూగా మన తుఫాను, తీవ్ర తుఫాను మొదటి రకం. అతి తీవ్ర తుఫాను, ఆపైనవి రెండో రకం. హరికేన్లకిచ్చే 1 నుంచి 5 కేటగిరీలు కూడా గాలి లెక్కే. వాన ఎంత కురుస్తుందో ఆ అంకె చెప్పదు.

2001 జూన్‌లో వచ్చిన అలిసన్‌నే చూడండి. గాలి 95 కిలోమీటర్లు దాటలేదు. 5న టెక్సాస్ తీరం దాటి ఉత్తరానికి పోయింది, హమ్మయ్య అనుకునేలోపు వెనక్కి తిరిగింది. 8న రాత్రి హ్యూస్టన్ మునిగింది. ఆ కొద్ది రోజుల్లో పోర్టు దగ్గర పడ్డ వాన దాదాపు 94 సెంటీమీటర్లు. మెడికల్ సెంటర్ ఆసుపత్రుల బేస్‌మెంట్లలోకి నీళ్లొచ్చి కరెంటు పోయింది. వెంటిలేటర్లు ఆగిన రోగులకు సిబ్బంది సంచి చేత్తో నొక్కుతూ ఊపిరందించారు, చీకటి మెట్ల మీదుగా కిందికి మోసుకొచ్చారు. ఓ ఆఫీసు భవనంలో లిఫ్టులో బేస్‌మెంట్‌కు దిగిన ఒకామె నీళ్లలో చిక్కుకుని చనిపోయింది. హరికేన్ కాని తుఫాను పేరును, మళ్లీ వాడకుండా, పేర్ల జాబితా నుంచి శాశ్వతంగా తీసేయడం అట్లాంటిక్‌లో అదే మొదటిసారి.

2017లో హార్వే కేటగిరీ 4గా తీరం దాటినా, హ్యూస్టన్‌ను ముంచేనాటికి ట్రాపికల్ స్టార్మ్‌గా నీరసించింది. నడిపించే పైగాలులు లేక ఒకేచోట తచ్చాడింది, అదీ అసలు సంగతి. ఎంత నెమ్మదిగా కదిలితే అంత వాన. అందుకే టీవీ స్క్రోలింగ్‌లో గాలి వేగం కన్నా ముందు తుఫాను కదులుతున్న వేగం, కురవబోయే వాన వేయాలంటాను.

మన దగ్గర 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తుఫాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. దానికి పేరే లేదు. ఆ రాత్రి హైదరాబాద్‌లో కాలనీలు మునిగాయి, వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. ఘట్‌కేసర్ వైపు వాన 30 సెంటీమీటర్లు దాటింది.