కూర లేనప్పుడు పచ్చడి కాదు మా కాలేజీ ఫుట్‌బాల్

నిన్న రాత్రి డాలస్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో భోజనాలు. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. నా పక్కన కౌబాయ్స్ (ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో డాలస్ జట్టు) జెర్సీలో కూర్చున్న అన్న పెరుగన్నం కలుపుకుంటూ మామూలుగా అనేశాడు: "ఎన్ఎఫ్ఎల్ ఓనర్లు సీజన్‌కి 18 మ్యాచ్‌లు కావాలంటున్నారు, ప్లేయర్లతో ఒప్పందం 2030 సీజన్‌తో అయిపోతుంది. అప్పుడు ఓనర్లు ఆటలు ఆపేసి లాకౌట్ చేస్తే మీ కాలేజీ ఆటలకు పండగే తమ్ముడూ. మేమంతా అవే చూస్తాం, ఇంకేం చేస్తాం?"

ఇంకేం చేస్తాం అట. ఆ మాటకి నాకు ముద్ద దిగలేదు, ఇప్పటికీ మంటగానే ఉంది. కూర అయిపోయిన రోజు పచ్చడి వేసుకున్నట్టు మా ఆట చూస్తారా?

ఇది ఒకసారి జరిగిందే. 1982లో ఎన్ఎఫ్ఎల్ ప్లేయర్లు 57 రోజులు సమ్మె చేశారు. ఆదివారం టీవీ ఖాళీ అయిపోతుందని సీబీఎస్ ఛానల్ వాళ్లు ఎక్కడెక్కడి డివిజన్ త్రీ (కాలేజీ ఆటలో కింది స్థాయి) కాలేజీలనో వెతికి అక్టోబర్ 3న వాళ్ల ఆటలు చూపించారు. ఆ పిల్లలకి ఆటకని స్కాలర్‌షిప్ కూడా ఉండదు, ఇష్టం కొద్దీ ఆడతారు. సమ్మె అయిపోయాక వాళ్ల గురించి అడిగినవాడు లేడు. రేపు లాకౌట్ వచ్చినా అంతే, జనం వస్తారు, ఎన్ఎఫ్ఎల్ మొదలవగానే వెళ్లిపోతారు. ఈలోగా టీవీ వాళ్లు మా మ్యాచ్‌లను ఆదివారానికి లాగుతారు. ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లు శనివారం టీవీలో కాలేజీ ఆటలకు అడ్డు రాకుండా చేసిన 1961 చట్టం వచ్చినప్పటి నుంచి సీజన్‌లో శనివారాలు కాలేజీలవి, ఆ ఒక్క రోజునీ చెడగొట్టొద్దు.

అసలు లాకౌట్ అన్న మాట వింటేనే నాకు 2011 గుర్తొస్తుంది. మార్చి 12న ఓనర్లు తలుపులు మూశారు. జడ్జీలు, మధ్యవర్తులు, లాయర్లు నెలల తరబడి కూర్చుని జూలై 25కల్లా తేల్చేశారు. పోయింది ఒకే ఒక్క ప్రదర్శన మ్యాచ్. అదే సంవత్సరం మా టెక్సస్ ఏ అండ్ ఎమ్, టెక్సస్ యూనివర్సిటీల ఆట ఆగిపోయింది. 1894లో మొదలైన ఆట! టెక్సస్ యూనివర్సిటీకి సొంత టీవీ ఛానల్ వచ్చింది, మా ఏ అండ్ ఎమ్ ఎస్ఈసీ అనే ఇంకో కాలేజీ లీగ్‌కి వెళ్లిపోయింది. దాని కోసం ఏ జడ్జీ కూర్చోలేదు, ఏ మధ్యవర్తీ రాలేదు, 12 సీజన్లు అలా గాలికి వదిలేశారు. 32 ఎన్ఎఫ్ఎల్ జట్ల డబ్బున్నవాళ్లు కొట్టుకుంటే దేశానికే టెన్షన్, మా ఆట పోతే మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ ఏడాది నవంబర్ 24, థాంక్స్‌గివింగ్ రాత్రి ఆ చివరి ఆటకి నేను మా ఏ అండ్ ఎమ్ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో ఉన్నాను. ఎమ్ఎస్‌కి వచ్చి రెండో ఏడు. అక్కడ స్టూడెంట్లు మ్యాచ్ అంతా నిలబడే ఉంటారు, కూర్చోరు. మా యూనివర్సిటీ పాట మొదలవగానే పక్కనున్న అబ్బాయి, పేరు కూడా తెలియదు, నా చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుని, కాలు ఇలా పెట్టు అని చూపించాడు. వరస మొత్తం ఒక్కసారిగా అటూ ఇటూ ఊగితే కాళ్ల కింద స్టాండ్ కదిలింది. ఈ దేశంలో నేను పరాయివాణ్ని కాదని మొదటిసారి అనిపించింది ఆ నిమిషంలోనే. చివరి కిక్‌తో 27-25, ఓడిపోయాం. అయినా చాలామంది కదల్లేదు, ఆ ఆట మళ్లీ ఉండదని అందరికీ తెలుసు.

2024 నవంబర్ 30న ఆ ఆట మళ్లీ జరిగింది. 17-7, మళ్లీ ఓడిపోయాం. నేను వెళ్లాను, మూడున్నర గంటలు నిలబడ్డాను, గొంతు పోయింది.

అన్నా, లాకౌట్ దాకా ఆగొద్దు. వచ్చే శనివారమే రా, టికెట్ నేను కొంటాను. కానీ మ్యాచ్ అయ్యేదాకా కూర్చోనివ్వను.