వెండి నాణెం ఫొటోగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వెండి నాణెం ఫొటోగారి దివ్య సముఖానికి,

ఇక్కడ నేను, నా భూతద్దం క్షేమం. తమరు కూడా అమ్మకపు పేజీలో అదే నల్ల ముఖమల్ గుడ్డ మీద, అదే వెలుగులో క్షేమంగానే ఉన్నారని ఇప్పుడే మళ్లీ చూసి తెలుసుకున్నాను. ఉభయకుశలోపరి.

రాయునది ఏమనగా, తమరు చూపించిన నాణెం ఇవాళ చేతికొచ్చింది. దాన్ని ఎప్పుడో ఎవరో అంట్లగిన్నెను తోమినట్టు తోమేశారు. ఆ ముక్క తమరు నాతో అనలేదు.

1911 నాటి అయిదో జార్జి రూపాయి. దాని కోసం సేకర్తలు ఎందుకు ఎగబడతారో తమరికి నేను చెప్పాలా? రాజుగారి దుస్తుల మీద ఉన్న బుల్లి ఏనుగు తొండం పొట్టిగా పడి, చూసినవాళ్లకి పందిలా కనబడింది. పెద్ద గొడవైంది. బోలెడన్ని నాణేలు కరిగిపోయాయి, 1912లో ఏనుగును సరిదిద్ది కొత్త అచ్చు వేశారు. అందుకే ఆ సంవత్సరం రూపాయి కనబడితే చూపు రాజుగారి మొహం మీద నిలవదు, తిన్నగా ఏనుగు దగ్గరికి పోతుంది.

తమరిలో సరిగ్గా ఆ ఏనుగు ఉండాల్సిన చోటే ఒక తెల్లటి వెలుగు మచ్చ పడింది. ఏం పొందిక! కిరీటం కనిపిస్తోంది, గడ్డం కనిపిస్తోంది, చుట్టూ అక్షరాలు కనిపిస్తున్నాయి, ఏనుగొక్కటే వెలుగులో మునిగిపోయింది. కాస్త పక్కకి వంచి ఇంకో ఫొటో తీసి పెట్టండని అమ్మినాయన్ని అడిగాను. "పక్కా ఒరిజినల్ మెరుపు సార్, చేతికొచ్చాక మీరే అంటారు" అన్నాడు. వచ్చింది, అంటున్నాను. అది ఇప్పుడు ఏనుగూ కాదు, పందీ కాదు. నున్నటి బొడిపె.

అరుగుదల మీద నాకేం కోపం లేదండీ. నాణెం అన్నాక చేతులు మారుతుంది, మారితే అరుగుతుంది. ఆ అరుగుదలకో వరస ఉంది. ముందు ఎత్తుగా ఉన్నవి పోతాయి: కనుబొమ్మ, చెంప ఎముక, చెవి మీది జుట్టు. పల్లంలో, అక్షరాల సందుల్లో పాత మెరుపు చాన్నాళ్లు దాక్కుని ఉంటుంది. ఆ వరస చూసే గ్రేడు, అంటే నాణెం ఎంత బాగా మిగిలిందో చెప్పే అంకె, కడతారు. ఒక్కోసారి చెవి మీది జుట్టు అరగకపోయినా పలచగా ఉంటుంది, అచ్చు దెబ్బ గట్టిగా పడక. అక్కడ మెరుపు ఉంటే దెబ్బ చాలలేదని, లేకపోతే అరిగిందని తేల్చుకోవచ్చు. తోముడికి ఇలాంటి వరసలేం ఉండవు. ఎత్తూ పల్లమూ ఒకేసారి పోతాయి, తేల్చుకోవడానికి ఏమీ మిగలదు.

మెరుపు సంగతి కూడా కాస్త వినండి, తమరి వృత్తికి సంబంధించినదే. అచ్చు దెబ్బ పడ్డప్పుడు వెండి మధ్యలోంచి అంచుల వైపుకి పాకుతుంది. ఆ పాకిన జాడలు కంటికి ఆనని గీతలుగా నిలిచిపోతాయి. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా అటూ ఇటూ వంచితే ఒక వెలుగు పట్టీ దాని మీద గిర్రున తిరుగుతుంది. పౌడరో టూత్‌పేస్టో పెట్టి రుద్దితే ఆ గీతలు తెగిపోయి, వాటి మీద అడ్డదిడ్డంగా కొత్త గీతలు పడతాయి. రుద్దిన నాణెం మెరవదా అంటే మెరుస్తుంది. తెలియనివాళ్ల కంటికి ఇంకా ఎక్కువే మెరుస్తుంది. కాకపోతే ఆ వెలుగు తిరగదు, ఉన్నచోటే ఉంటుంది. తమరెలాగూ కదలరు కాబట్టి తమరి దగ్గర రెండు మెరుపులూ ఒకటే. ఆ మాత్రం అమ్మినాయనకీ తెలుసు, అందుకే వీడియో అడిగితే నెట్ సరిగ్గా లేదన్నాడు.

పైగా గ్రేడు! తమరి కిందే దర్జాగా 63 అని రాసి ఉంది. ఒకటి నుంచి డెబ్భై దాకా ఉన్న ఆ కొలతని 1949లో షెల్డన్ అనే ఆయన అమెరికా పాత పెద్ద రాగి సెంట్ల కోసం కట్టాడు, తరవాత అది వెండికీ బంగారానికీ పాకింది. 60, ఆపైన ఉందంటే చలామణిలో అరగని నాణెం అని అర్థం. ఆ లెక్కన 63 అంటే చిన్నా చితకా గంట్లున్నా అసలు మెరుపు ఇంకా ఉందని. గ్రేడింగ్ కంపెనీలు తోమిన నాణేనికి మామూలుగా అంకే ఇవ్వవు, వివరాలు ఎంతవరకు మిగిలాయో చెప్పి 'శుభ్రం చేసినది' అని పక్కన రాసేస్తాయి. అమ్మినాయన మాత్రం ఇంట్లో కూర్చుని, తమరి మొహం చూసి, 63 వేసేశాడు. 70 ఎందుకు వెయ్యలేదో? మొహమాటపడి ఉంటాడు.

నాణెం నకిలీ అని నేననడం లేదు. కాటా మీద పెట్టాను, 11.66 గ్రాములు సరిగ్గా తూగింది. 91.7 శాతం వెండి, అంటే పది గ్రాముల పైచిలుకు. ఆ వెండి ధర ఎక్కడికీ పోదు. దాని పైన నేను పోసిన సొమ్మంతా ఏనుగుకీ మెరుపుకీ పోశాను.

వాపసు తీసుకోమని అడిగితే ఏమైందో తెలుసా? నిన్నే సాక్షిగా నిలబెట్టాడు. "ఫొటోలో ఉన్నదే కదా సార్ పంపాం!" నిజమే. అక్షరం తేడా లేదు. అంచు మీది నొక్కు కూడా సరిపోయింది. ఏనుగు దగ్గర వెలుగు పెట్టావు, గీతలు కనపడే వైపు నుంచి దీపం తీసేశావు, రెండు పక్కలా రెండు దీపాలు పెట్టి ముందు పలచటి తెర కట్టించుకున్నావు. ఒక పక్కనుంచి వాలుగా ఒక్క దీపం పడనిస్తే ఆ గీకుళ్లన్నీ బయటపడేవి. అది తెలిసే పడనివ్వలేదు. ఇంత కష్టపడి తెర కట్టినవాడికి నాణెం వంచడానికి తీరిక లేకపోయిందా? అబద్ధమాడి ఉంటే పట్టుకుని నిలదీసేవాణ్ణి. నువ్వు ఒక్క అబద్ధం కూడా ఆడకుండా నన్ను నిలువునా ముంచావు!

నీ చుట్టాల సంగతీ చూశాను. 1893 మోర్గాన్ డాలరు, అమెరికా పాత వెండి నాణెం, బొమ్మ వైపే పెట్టారు, బొరుసు వైపు ఫొటో లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల 'ఎస్' గుర్తు ఉండేది బొరుసు మీదే. ఆ ఏడాది అక్కడ వేసినవి లక్షే, ఆ ఒక్క అక్షరం అతికించిన నకిలీలు కూడా తిరుగుతుంటాయి. చూపించకుండా అమ్మితే ఎలాగయ్యా? ఇంకొకటి 1944 రూపాయి, "బరువు సరిగ్గా ఉంది, స్వచ్ఛమైన వెండి" అట. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించేసి బరువు అంతే ఉంచారు. ఆ బరువు ఏం రుజువు చేస్తుంది? మరొకటి నీలం, ఊదా, బంగారు రంగుల్లో వెలిగిపోతోంది, "సహజమైన పాతదనం" అని కింద కితాబు. గంధకం వెండికి నిదానంగా రంగు పట్టిస్తుంది, పొయ్యి సెగ గంటలో పట్టిస్తుంది. అది ఏ సెగో వాసన చూసి చెప్పాలనుంది, నీకు వాసన కూడా లేదు.

ఇకమీదట నా ముందుకి రావాలంటే ఇలా రా: ఒక్క దీపం, వాలుగా. నాణెం వంచుతున్న వీడియో. బొమ్మ, బొరుసు, అంచు, మూడూ. అంచు చూపించకపోతే పోత పోసిన నకిలీల అతుకు గీత కనపడదు, అందుకే దాన్ని ఎవరూ చూపించరు. కాటా మీద బరువు అంకెతో సహా. ముఖమల్ గుడ్డ అక్కర్లేదు.

ఇట్లు,
బొడిపెను భూతద్దంలో చూస్తున్న
ఒక కొనుగోలుదారు

తా.క.: నీ పక్కనున్న మరియా థెరీసా థాలర్ (ఆస్ట్రియా రాణీగారి బొమ్మ ఉన్న వెండి నాణెం) కింద "1780 నాటి అసలైన నాణెం" అని రాశారు. ఆవిడ పోయింది ఆ ఏడాదే. అదే అంకెతో ఇరవయ్యో శతాబ్దంలో కూడా వియన్నాలో, లండన్‌లో, మన బొంబాయి టంకశాలలో అచ్చు వేశారు. ఏ టంకశాలదో అడిగాను. "రాణీగారిది సార్" అని జవాబొచ్చింది.