పద్ధతి తప్పిన మంచితనంపై ఒక ఫిర్యాదు

నాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దునున్న పర్లాకిమిడి. ఉద్యోగం మాత్రం ఆంధ్ర వైపు ఓ సర్కారీ ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు వెలగబెట్టి హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. ఫైలు లేకుండా గడ్డిపరక కూడా కదలకూడదని నమ్మే మనిషిని. అలాంటి నేను ఈ వయసులో బీపీ మాత్ర వేసుకుని మరీ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఊళ్లో వ్యవహారం ఎంత చెయ్యి దాటిపోయిందో చూసుకోండి. జనం ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారు. ఎవరూ అడక్కుండానే. రసీదు కూడా ఇవ్వడం లేదు.

మొదటి ముద్దాయి, ఆసుపత్రి గేటు బయట ఇడ్లీ బండి పెట్టుకునే అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. తొమ్మిదింటికల్లా ఆవిడ ఇడ్లీలు అయిపోతాయి. గిన్నెలు కడుక్కుని బుద్ధిగా ఇంటికి పోవచ్చు కదా? పోదు. చెంగుకి చేతులు తుడుచుకుంటూ ఓపీ లైన్లోకి వచ్చేస్తుంది. డాక్టరుగారు కటక్ వైపు మనిషి, ఒడియానే గానీ తెలుగు రాదు. కొండ దిగొచ్చిన సవర తెగ ముసలాయనకి సవర భాష తప్ప రాదు. మా మామ్మలకి తెలుగే, అదీ మా తెలుగే. ఈవిడకి మూడూ వచ్చు. బళ్లో నేర్చుకున్నది కాదు, ఇడ్లీలు అమ్ముతూ నేర్చుకున్నది. అంటే సర్టిఫికెట్ లేదు, గమనించగలరు.

మొన్న నా కళ్ల ముందే జరిగింది. డాక్టరుగారు ఓ మామ్మని "ముండ బింధుచి కి?" అని అడిగాడు. ఒడియాలో ముండ అంటే తల. తలనొప్పిగా ఉందా అని పాపం ఆయన ప్రశ్న. మామ్మకి వినపడింది మొదటి మాటొక్కటే. "నీ వయసెంత, నా వయసెంత? నన్ను పట్టుకుని ముండంటావేట్రా!" అని చేతికర్ర పైకెత్తింది. ఎంత చక్కటి అవకాశమో చూడండి. పోలీసులు రావచ్చు, విచారణ సంఘం వెయ్యొచ్చు, ఆ సంఘం నివేదిక ఇవ్వకపోవచ్చు, నివేదిక ఏదని మరో సంఘం వెయ్యొచ్చు. ఈలోగా అప్ప మధ్యలో దూరి, "తల నొప్పెడతందా అంటన్నాడే మామ్మా, నిన్ను తిట్లేదు" అని చెప్పేసింది. మామ్మ కర్ర దించింది. "అలా అడగొచ్చు కదా. పెడతంది నాయనా, నాల్రోజులై పెడతంది" అంది. అంతే, నలుగురికి పని దొరికే కేసు రెండు నిమిషాల్లో చచ్చిపోయింది. ఇలాగైతే ఆ ఆసుపత్రికి దుబాసీ పోస్టు ఏ జన్మలో మంజూరవుతుంది?

రెండో ముద్దాయిలు ఆటో స్టాండు కుర్రాళ్లు. మా వీధి మలుపులో ఓ గొయ్యి ఉండేది. మూడు వానాకాలాల సర్వీసున్న గొయ్యి. ఉత్తరాల మీద నా చిరునామా కూడా "గొయ్యి ఎదురిల్లు" అనే ఉండేది. ఓ ఆదివారం పొద్దున్నే ఈ కుర్రాళ్లు ఎక్కణ్ణించో ఇటుక ముక్కలూ కంకరా మోసుకొచ్చి దాన్ని పూడ్చేశారు. ఎస్టిమేటు లేదు, టెండరు లేదు, కొబ్బరికాయ కొట్టడానికి ఓ నాయకుడైనా లేడు. ఆ వారం నా పెన్షన్ కాగితాలు తెచ్చిన పోస్ట్‌మాన్ గొయ్యి కనపడక రెండుసార్లు వీధి చివరిదాకా పోయి వచ్చాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడే నాకు అనుమానం తగిలింది. అవతల పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి జిల్లాని కూడా పిండేసింది. కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చాయి. జనరేటరున్నవాడికి నిజానికి అది పండగ. ఫోనుకి ఇరవై చొప్పున పుచ్చుకున్నా కాదనేవాడు లేడు. మా టెంట్ హౌస్ ఆయన ఏం చేశాడు? పెళ్లి భోజనాల స్టీలు పళ్లేలు వరసగా పరిచి, ఒక్కో పళ్లెంలో నాలుగేసి ఫోన్లు పెట్టి, ప్రతిదానికీ పేరు చీటీ అంటించి, ఊరికే చార్జింగ్ పెట్టాడు. చీటీలు ఒడియావాళ్లవి ఒడియాలో, తెలుగువాళ్లవి తెలుగులో. ఫోను ముందు తిరిగిచ్చింది ఎవరికనుకున్నారు? కొడుకు చెన్నైలో ఉన్న ముసలమ్మకి. నేను పెన్షనర్నని చెప్పినా వినిపించుకోలేదు.

ఈ జబ్బు మా ఊరికి కొత్తది కాదని ఒప్పుకోవాలి. 1880లో గిడుగు రామమూర్తి అనే కుర్ర మాస్టారు ఇక్కడి బళ్లో చేరాడు. చెప్పిన పాఠం చెప్పుకోకుండా, సవరలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టాడు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నాడు, వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బళ్లు పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం పుస్తకాలకి బహుమానం ఇస్తామంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండన్నాడట. పైనుంచి వచ్చిన డబ్బు వెనక్కి పంపితే అకౌంట్స్ వాళ్లకి ఎంత టెన్షనో ఆయనకేం తెలుసు! 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయాడు గానీ, ఆ లక్షణాన్ని మాత్రం ఇక్కడే వదిలేసి పోయాడు.

సాయమంటే ఎలా ఉండాలో కొటియా వెళ్లి చూడండి. కోరాపుట్ కొండల్లో సాలూరుకి ఆనుకుని ఇరవై ఒక్క పల్లెలు. మావంటే మావని ఆంధ్రా, ఒడిశా 1968లోనే కోర్టుకెక్కాయి. అందుకని అక్కడి జనానికి ఇటు కార్డు, అటు కార్డు. ఇటు ఓటు, అటు ఓటు. దయ రెండు కాపీల్లో, సీలూ సంతకంతో అందుతుంది. మా అప్ప దగ్గర సీలేదీ? ఇడ్లీ రేకులు తప్ప!

అందుకే గట్టిగా ఫిర్యాదు రాసి ఆఫీసుకి పట్టుకెళ్లాను. బంట్రోతు కాగితం అటూ ఇటూ తిప్పి, ఇది ఒడియాలో ఉండాలన్నాడు. మాట్లాడమంటే గంటసేపు మాట్లాడతాను గానీ, రాయాలంటే నాకు అక్షరాలు కాళ్లకి అడ్డం పడతాయి. "ఆసుపత్రి గేటు దగ్గర ఇడ్లీల అప్ప ఉంది కదండీ, వాళ్ల పిల్ల రాసిపెడుతుంది, డబ్బులు కూడా తీసుకోదు" అన్నాడు.

వెళ్లాను. మరెక్కడికి వెళ్లను? ఆ పిల్ల తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. బండి పక్కన స్టూలు మీద కూచుని, నేను చెబుతుంటే ముత్యాల్లాంటి అక్షరాలతో వాళ్లమ్మ మీద ఫిర్యాదు పొల్లు పోకుండా రాసింది. రెండు చోట్ల నా వాక్యం దిద్దింది కూడా. చివర్లో పెన్ను ఆపి, "తాతా, ఇక్కడ మా అమ్మ పేరు రాయాలి కదా?" అంది.

అవును, రాయాలి. ఏళ్ల తరబడి అప్పా అనడమే తప్ప పేరేమిటో నాకు తెలీదు. ఆ పిల్లే రాసుకుంది.

అప్ప ఈలోగా రెండు ఇడ్లీలు పెట్టింది. చట్నీలో ఉప్పెక్కువైంది. అదీ కింద చేర్పించాను.