ఏటీవీ ప్రాణం తీసేది బురద కాదు, మనం కడిగే తీరు

ఏటీవీ, అంటే ఆల్ టెరైన్ వెహికల్, బురదలో తిరగడానికే తయారైన బండి. గుంటలూ, రాళ్ళూ, దుమ్మూ తట్టుకుంటుంది. తట్టుకోలేనిదల్లా తిరిగొచ్చాక దానికి జరిగే స్నానం. ప్రెషర్ వాషర్ గన్ పట్టుకుని, ఒక్క మట్టి మరక కూడా మిగలకూడదని బేరింగుల మీదా, వైరింగు మీదా, రేడియేటర్ మీదా అంగుళం దూరం నుంచి కొడతారు. బండి తళతళలాడుతుంది. కొన్నాళ్ళకి చక్రం దగ్గర గరగరమని శబ్దం, మీటర్లో తేమ, స్విచ్ నొక్కితే ఒకసారి పలికి ఇంకోసారి పలకకపోవడం. అప్పుడు బండి నాసిరకం అంటారు. ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే తప్పు బండిది కాదు.

వీల్ బేరింగుకి రెండు వైపులా ఉండే రబ్బరు సీలు పనేమిటి? ఎగిరిపడే బురదని, చుట్టూ చేరే నీటిని ఆపడం. గురిపెట్టి కొట్టే ధారని ఆపడానికి దాన్ని చెయ్యలేదు. ధార తగిలితే సీలు పెదవి పక్కకి జరిగి నీళ్ళు లోపలికి పోతాయి. పోయిన నీళ్ళు మళ్ళీ బయటికి రావు. గ్రీజుతో కలిసి దాన్ని పల్చబరుస్తాయి, లోపలి గోళీలు తుప్పు పడతాయి. అనుమానం ఉంటే బండిని జాకీ మీద లేపి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. వదులుగా ఊగినా, తిప్పినప్పుడు గరుకుగా తగిలినా ముందు ఆ బేరింగునే అనుమానించాలి.

అందుకే నేను చెప్పేది ఒకటే: మామూలు గొట్టం, పారే నీళ్ళు, మెత్తని బ్రష్షు, కాస్త ఓపిక చాలు. ప్రెషర్ వాషర్ తప్పదంటే వెడల్పుగా చిమ్మే నాజిల్ పెట్టి, కనీసం రెండడుగుల దూరం నుంచి, టైర్లకీ మడ్‌గార్డుల అడుగుకీ పరిమితం చెయ్యండి. చక్రాల మధ్యనుండే హబ్బులు, యాక్సిల్ కీళ్ళకి తొడిగిన రబ్బరు బూట్లు, హ్యాండిల్ స్విచ్‌లు, వైర్ల కనెక్టర్లు, సైలెన్సర్ మూతి, ఇంజిన్‌కీ బెల్టు కేసుకీ (ఇంజిన్ శక్తిని చక్రాల వైపు పంపే బెల్టు ఉండే పెట్టె) గాలి పీల్చే గొట్టాలు, వీటి జోలికి ధార పోకూడదు. మొదలుపెట్టే ముందు ఇంజిన్ చల్లారేదాకా ఆగండి. సైలెన్సర్ చల్లారాక దాని మూతికి రబ్బరు బిరడా పెట్టండి.

రేడియేటర్ సంగతి విడిగా చెప్పాలి. ఫ్యాను గాలిని ముందు నుంచి వెనక్కి లాగుతుంది, కాబట్టి బురద ముందు వైపు నుంచే రేకుల మధ్య ఇరుక్కుంటుంది. దాన్ని ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతుంది, సన్నని అల్యూమినియం రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. ముందు తడిపి నానబెట్టండి. తర్వాత వెనక వైపు నుంచి, అంటే ఫ్యాను వైపు నుంచి, మెల్లగా నీళ్ళు పోస్తే వచ్చిన దారినే మట్టి బయటికి పోతుంది. కూలెంట్ సరిపడా ఉన్నా వేడి లైటు వెలుగుతోందంటే థెర్మోస్టాట్‌ని అనుమానించే ముందు ఇక్కడ చూడండి.

ఇంకొకటి, అడుగున ఉండే స్కిడ్ ప్లేటు. పైనంతా మెరుస్తుంటుంది గానీ ఆ ప్లేటుకీ ఫ్రేముకీ మధ్య కిలోల కొద్దీ మట్టి కూర్చుని ఉంటుంది. ఆ తేమ ఫ్రేముని లోపల్లోపల తినేస్తుంది. సైలెన్సర్ పైపు చుట్టూ ఎండుగడ్డి పేరుకుంటే మాత్రం అది బండి పాడయ్యే విషయం కాదు, నిప్పంటుకునే విషయం. ఆ ప్లేటు బోల్టులు నాలుగు విప్పడానికి బద్ధకించకండి.

కడగడం అయిపోయిందంటే సగం పని అయినట్టు. నిజానికి అసలైన సగం ఇదే. సైలెన్సర్ బిరడా తీసేసి, ఇంజిన్ ఆన్ చేసి బాగా వేడెక్కనివ్వండి, దాచుకున్న నీళ్ళు ఆవిరవుతాయి. బెల్టు కేసులోకి నీళ్ళు పోయాయనిపిస్తే దాని అడుగు ప్లగ్గు తీసి వంపి, న్యూట్రల్‌లో కొద్ది సెకన్లు రేసు పెంచుతూ తగ్గిస్తూ ఉండండి, ఆ గాలికే లోపల ఆరుతుంది. తడి బెల్టు మీద బరువు లాగితే అది జారి, ఒకేచోట రాసుకుని కాలిపోతుంది. తర్వాత గ్రీజు గన్. సస్పెన్షన్ ఆర్ముల దగ్గరా, షాఫ్టు జాయింట్ల దగ్గరా ఉన్న నిపుల్స్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) అన్నిటికీ, పాత నల్లటి గ్రీజుతో పాటు నీటి బొట్లు బయటికి వచ్చేదాకా పట్టించండి. గ్రీజు కందెన మాత్రమే కాదు, నీటిని బయటికి తోసేది కూడా అదే. యాక్సిల్ బూటు మడతలు విప్పి చూడండి. చిన్న చిరుగు అప్పుడే కనబడితే బూటు మారిస్తే సరిపోతుంది. వదిలేస్తే గ్రీజు పోయి ఇసుక చేరి మొత్తం యాక్సిల్ మార్చాల్సి వస్తుంది. మెరుపు కోసం కొట్టే సిలికాన్ స్ప్రే సీటు మీదా, పాదాలు పెట్టే చోటా, బ్రేకు డిస్కుల దగ్గరా అస్సలు వద్దు.

ఎయిర్ ఫిల్టర్‌ని నెలల తరబడి తెరవని వాళ్ళని చూస్తే బాధేస్తుంది. దుమ్ములో తిరిగితే ప్రతిసారీ తెరిచి చూడాల్సిందే. స్పాంజి ఫిల్టరైతే ఫిల్టర్ క్లీనర్‌తోనో, గోరువెచ్చని సబ్బు నీళ్ళతోనో కడగండి. పెట్రోలు వాడొద్దు, అతుకుల జిగురు ఊడుతుంది, పైగా మంట ప్రమాదం. మెలితిప్పి పిండకుండా అరచేతుల మధ్య నొక్కండి. పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పోసి, అన్నిచోట్లా ఒకే రంగు వచ్చేదాకా నొక్కి, ఎక్కువైంది తీసేయండి. అంచుకి పలచగా గ్రీజు రాయండి. కాగితం ఫిల్టర్‌కి ఇవేవీ వద్దు, మార్చెయ్యడమే. ఫిల్టర్ తీసినప్పుడు ఇంజిన్ వైపు గొట్టంలో తెల్లగుడ్డ తిప్పి చూడండి. గుడ్డకి మట్టి అంటిందా, ఇసుక అప్పటికే సిలిండర్ని గీకుతోందన్నమాట.

లోతు నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు. గాలిలా నీరు కుదించుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్పార్క్ ప్లగ్ తీసి, వైరు పక్కన పెట్టి, అప్పుడు ఇంజిన్ తిప్పి నీళ్ళు బయటికి నెట్టాలి. ఇంజిన్ ఆయిల్, డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ పాలు కలిపినట్టు కనబడితే మార్చి, కాసేపు నడిపి, మళ్ళీ మార్చాలి. ఒక్కసారి మారిస్తే మూలల్లో నీళ్ళు మిగిలిపోతాయి.

టైర్ల గాలి గురించి ఒక్క మాట. చాలా ఏటీవీలకి 4 నుంచి 7 పీఎస్ఐ మధ్యే ఉంటుంది. కారు గేజీ అంత తక్కువని సరిగ్గా చూపించదు, తక్కువ ఒత్తిడి గేజీ వేరే ఉంటుంది, అదే వాడండి.

ఇక నెలల తరబడి మూలన పెట్టడం. ఇక్కడ అందరూ చెప్పే సలహా, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చెయ్యమని. అది మంచి కన్నా చెడే చేస్తుంది. ఐదు నిమిషాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ చల్లబడి నిలిచిపోతుంది. సెల్ఫ్ తీసుకున్న ఛార్జింగు కూడా బ్యాటరీకి తిరిగి రాదు. సరిగ్గా ఒక్కసారి సిద్ధం చేసి వదిలెయ్యండి.

ఆయిల్ మార్చాల్సింది పెట్టేముందే, తీసేటప్పుడు కాదు. వాడిన ఆయిల్లో ఆమ్లాలూ తేమా ఉంటాయి, అవి నెలలపాటు బేరింగుల మీద కూర్చోకూడదు. ట్యాంకు దాదాపు నిండుగా పోసి, సీసా మీద రాసిన మోతాదులో ఫ్యూయల్ స్టెబిలైజర్ కలిపి, ఆరుబయట 10 నిమిషాలు నడపండి, అది ఇంజెక్టర్ దాకా చేరాలి. కార్బురేటర్ బండైతే పెట్రోలు ట్యాపు కట్టి, కార్బురేటర్ అడుగు స్క్రూ వదులు చేసి దాని గిన్నె ఖాళీ చెయ్యండి. పాత పెట్రోలు జిగురుగా మారి ముందు మూసేది పైలట్ జెట్‌నే, అంటే కార్బురేటర్లో పెట్రోలు వెళ్ళే అతి సన్నని రంధ్రాన్నే. చోక్ లాగితేనే నడిచే బండిలో జబ్బు చాలాసార్లు ఇదే. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలో తేమని కూడా పీలుస్తుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12.4కి దిగిందంటే ఛార్జింగు పెట్టాలి. లిథియం అయితే దాని ఛార్జరే వాడాలి. బండిని స్టాండ్ల మీద లేపితే టైర్లు ఒకేచోట అణగవు. పైన కప్పేది గాలాడే గుడ్డ అయ్యుండాలి. ప్లాస్టిక్ పట్టా తేమని లోపలే బంధిస్తుంది.

ఎలుకలు గూడు పెట్టకుండా సైలెన్సర్ మూతిలోనూ, గాలి పీల్చే గొట్టంలోనూ స్టీలు పీచు కుక్కండి. కుక్కిన వెంటనే ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ‘రెండుచోట్ల పీచు ఉంది, తీశాకే స్టార్ట్ చెయ్యి’ అని రాసి, తాళంచెవికి కట్టెయ్యండి.